గొంతు పెంచని లంక

ఆ పొద్దున్న కూడా మంత్రిగారు పల్లాలమ్మ గడప దగ్గర నిలబడి నమస్కారం పెట్టారు. అదే క్షణంలో ఆయన మరో నలభైవేల ఇళ్ళలోనూ పెడుతున్నారు.

‘సన్నిధి’ వచ్చాక ఎంత వరదొచ్చినా నాయకులు రాజధాని దాటనక్కర్లేకపోయింది. గోడకున్న పెట్టెలోంచి వెలుగుతో చేసిన మంత్రి దిగుతాడు. నీళ్ళలో నిలబడినా ఆయన పంచె తడవదు. లోపలున్న ఆగ్రహమాపకం మనుషుల గొంతుల్లోని కోపాన్ని కొలిచి, రాజధానిలోని పటం మీద రంగుల్లో చూపిస్తుంది. కొలత ఎక్కువున్న చోటికి ముందు పడవలు వెళతాయి. పడవలన్నీ ఇప్పుడు ప్రభుత్వానివే.

"మా చెల్లెలు బుల్లెమ్మ అవతలి లంకలో డాబా మీదుందండి. నీళ్ళు మెట్లెక్కేసినియ్యంట. ఒక్క పడవ పంపించండి బాబూ," అంది పల్లాలమ్మ, పక్కింట్లో పంచదార అడిగినంత నెమ్మదిగా.

"మీ బాధ నా బాధ తల్లీ. మీ సహనానికి జోహార్లు," అని మంత్రి మాయమయ్యాడు.

పక్కింటి గంగరాజు తల బాదుకున్నాడు. "అరవాలి పిన్నీ! ఆళ్ళ పటంలో మన లంకలన్నీ పచ్చగా, చల్లగా ఉన్నాయంట. పట్నంలో కరెంటు పోయిందని అరిచినోళ్ళకి ఎల్తన్నాయి పడవలు."

"నీళ్ళు గడపలో ఉండగా అరుత్తారంట్రా? బుల్లెమ్మ నీళ్ళ మధ్యలో ఉంది. దాని మీదికి గోదారి తల్లి కోపం తెమ్మంటావా?"

అది ఆ లంకల కట్టడి. వరద వెనక్కి తగ్గేదాకా ఎవరూ గొంతు పెంచరు. పసుపు కుంకుమలు నీళ్ళలో వదిలి బతిమాలుకుంటారు. ఈ సంగతి పటం చూసి పాలించే పెద్దలకెవరికీ తెలియదు. తెలుసుకుందామని బయల్దేరినవాడూ లేడు.

పల్లాలమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు వచ్చిన వరద గుర్తొచ్చింది. అప్పుడు తహసీల్దారు నావలో వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. అమ్మ ఏమీ అడగలేదు, చెంబుతో మంచినీళ్ళిచ్చి "కాళ్ళు కడుక్కోండి బాబూ," అంది. ఆయన మునిగిన పొయ్యిని, అటక మీద ముడుచుకున్న అక్కాచెల్లెళ్ళను చూసి వెంటనే నావ ఎక్కాడు. మధ్యాహ్నానికి రెండు నావలొచ్చాయి. ఆయనేమంత గొప్ప అధికారి కాదు, కసురుకునేవాడు కూడా. కానీ వచ్చాడు, చూశాడు.

నాలుగోనాడు నీళ్ళు తీశాయి. డాబా మీద బుల్లెమ్మ లేదు. మెట్ల కింద బురదలో ఆమె ఇత్తడి చెంబు దొరికింది.

మర్నాడు మంత్రి మళ్ళీ నమస్కారం పెట్టాడు. గడపలో నీళ్ళు లేవు, ఇక కట్టడీ లేదు. పల్లాలమ్మ నోరు విప్పింది. ఇంటి కప్పు ఎగిరిపోతుందేమో అనిపించేలా తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. పెట్టె ఎర్రబడింది.

"అత్యవసరం. లంకకు మూడు పడవలు పంపుతున్నాం," అన్నాడు మంత్రి అదే చిరునవ్వుతో.

సాయంత్రానికి లారీల మీద వచ్చాయవి, ఆరుతున్న బురదలో కూరుకుపోతూ. పడవ నడిపే నెరిసిన జుట్టు సరంగు ఒకడు దిగి, పిక్కల దాకా బురదతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఎవర్నెక్కించాలమ్మా?"

పల్లాలమ్మ అతని కాళ్ళ వంక చూసింది. లోపలికెళ్ళి బుల్లెమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి అందించింది.

"కాళ్ళు కడుక్కో బాబూ," అంది నెమ్మదిగా.