ఖాళీ స్టోర్ నుంచి వచ్చిన పేరు

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. సరుకుల చిట్టీ తప్ప వేరే రాత నాకు రాదు. నలుగురి ముందు నోరు తెరవాలంటే సిగ్గు, అందుకే చెప్పలేక రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అమీర్‌పేట నుంచి మధురానగర్ పోయే గల్లీలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. నేను అక్కడ వంట చేస్తాను. వంటగది పక్క గదిలోనే నేను, నా బిడ్డ లోయిస్ ఉంటాం. వంటగదికీ భోజనాల హాలుకూ నడుమ గోడలో ఒక కిటికీ ఉంది. కోచింగుల నుంచి వచ్చిన పిల్లలు ఆకలి మీద ఒక్కసారే ఎగబడితే గందరగోళం అయితది. అందుకని నేను పేరు పెట్టి పిలుస్తాను. పిలిచిన పిల్లే కిటికీ కాడికి వచ్చి ప్లేటు తీసుకుంటది. పిలవకుంటే ఎవరూ రారు. అది మా హాస్టల్ పద్ధతి.

లోయిస్ పైథాన్ అనే కంప్యూటర్ కోర్సు నేర్చుకుంది. ఉద్యోగానికి పోయిన చోటల్లా కాదన్నారు. ఆఖరికి పంజాగుట్టలో ఒక కంపెనీవాళ్లు, ఏదన్నా చిన్న ఆట చేసి తెచ్చి చూపించు, నచ్చితే ఉద్యోగం ఇస్తం అన్నారు. ఇక ఆ పిల్లకు తిండి లేదు, నిద్ర లేదు. మాటలు కనుక్కునే ఆట ఒకటి మొదలుపెట్టింది.

"మమ్మీ, ఇది నీ వంటగది లెక్కనే," అని ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే చెప్పింది. "స్టోర్ రూమ్‌ల సామాను ఉంటది కదా, అట్ల మాటలన్నీ ఒక అరల ఉంటయి. వండేది ఇంకో అర. నువ్వు నొక్కిన అక్షరం ఒప్పా తప్పా అది చూస్తది. కిటికీ కాడ వడ్డించేది మూడో అర. మూడూ వేరే వేరే. వడ్డించేదానికి స్టోర్‌ల ఏమున్నదో తెల్వదు. లోపల్నుంచి ఏదొస్తే అది ఇస్తది, అంతే."

"నాకు తెల్వకుండ నా స్టోర్ల ఏముంటది?" అన్నాను.

"అబ్బ, నీతోని కష్టం," అని నవ్వింది.

ఆటలో తెర మీద గీతలు వస్తాయి. కింద అక్షరాలు ఉంటాయి. స నొక్కితే స గుణింతంలో ఏదున్నా, ఒత్తు ఉన్నా తెరుచుకుంటది. తప్పు నొక్కితే పైన వెలిగే నాలుగు దీపాల్లో ఒకటి ఆరిపోతది. దీపాలన్నీ ఆరితే ఆటే ఆ మాటను పైకి చదివి వినిపిస్తది. ఆ గొంతు నా కోసమే పెట్టింది. నాకు మనసులో చదువుకోవడం రాదు. కూడబలుక్కుని పైకి అంటేనే తెలుస్తది.

"మమ్మీ చదివితే బోరబండ దాకా వినబడుతది," అని ఎక్కిరించేది.

కంపెనీలో ఆట చూపించే డెమో ముందు రోజు సాయంత్రం పెద్ద వాన పడింది. కరెంటు పోయింది. పిల్లలంతా కోచింగుల్లోనే చిక్కుకున్నారు. ఇన్వర్టర్ మీద హాల్లో లైట్లు కొన్ని వెలుగుతున్నాయి. సాంబారు దించి మూత పెట్టాను. వానకు బయటి మురికినీళ్ల మోరీ పొంగి, ఆ వాసన సాంబారు వాసనలో కలిసి వస్తోంది.

లోయిస్ లాప్‌టాప్ తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

"స్టోర్ ఖాళీ చేసిన మమ్మీ. ఒక్క మాట సుత లేదు. ఇప్పుడు మొదలు నొక్కితే 'మాటలు లేవు' అని మర్యాదగ చెప్పాలె. కంపెనీవాళ్లు ఇసొంటియే చూస్తరు. నెట్ పోయింది, నేను పైకి పోయి దివ్యశ్రీ ఫోన్ అడుగుత. నువ్వు నొక్కి చూడు. వేరే ఏమన్న వస్తే నన్ను గట్టిగ పిలువు."

దివ్యశ్రీ అంటే మూడో అంతస్తులో ఉండే పిల్ల, లోయిస్ దోస్తు, ఆ రోజు ఆమె ఒక్కతే కోచింగుకు పోలేదు.

"నాకు భయమైతది. ఖరాబైతే?"

"జర నొక్కు. అదేమన్న కొరుకుతదా?"

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు పైకి పోయి, వానలో కలిసిపోయింది.

నొక్కాను.

మాటలు లేవు అని రాలేదు. మూడు గీతలు వచ్చాయి.

పిల్ల ఏదో మరిచిపోయి ఉంటది అనుకున్నాను. సరదాకు క నొక్కాను. నడిమి గీత మీద క వచ్చి కూర్చుంది. స నొక్కాను. సు వచ్చింది. న నొక్కాను. తెరుచుకుంది.

అలవాటుగా పైకే చదివాను. "సు... క... న్య. సుకన్య!"

వంటగదిలో నిలబడి ఆ పేరు అలా అన్నాక గానీ నాకు తెలియలేదు... నేను చదవలేదు, పిలిచాను.

సుకన్య మా హాస్టల్ పిల్లే. అందరి తర్వాత వచ్చేది, గొంతు పెగలనట్టు మాట్లాడేది. అన్నం అడుగున పట్టిన మాడు అంటే ప్రాణం. పోయిన వానకాలం డెంగ్యూ వస్తే ఊరికి తీసుకపోయారు. మళ్లీ రాలేదు. అక్కడే పోయిందని తర్వాత తెలిసింది.

సాంబారు వాసన పోయింది. మాడిన అన్నం వాసన వచ్చింది. నేను ఇంకా బియ్యమే కడగలేదు.

కిటికీ అవతల ప్లేటు గట్టుకు తగిలిన చప్పుడు.

"ఆంటీ... మాడు ఉందా?"

అటు చూడలేదు. తెరనే చూశాను. ఇంకో మూడు గీతలు వచ్చి ఉన్నాయి. నేను ఏమీ నొక్కలేదు.

ఓడిపోతే ఆట అయిపోతదిలే అనుకున్నాను. పేర్లలో అరుదుగా వచ్చే అక్షరాలు వెతికాను. ఙ నొక్కాను. తెర మీద ఒక దీపం ఆరింది. హాల్లో ఒక ట్యూబ్‌లైట్ ఆరింది. ఱ నొక్కాను. ఇంకొకటి... రెండు చోట్లా. ఝ. ఇంకొకటి. ళ నొక్కబోతే వేలు జారి పైనున్న ల మీద పడింది.

మొదటి గీత మీద 'లో' వచ్చింది.

కాదు, వేరే మాట అయి ఉంటది... కాదు. భయంలో చెయ్యి య మీద పడింది.

'యి'.

ఒక్క గీత మిగిలింది. ఒక్క దీపం మిగిలింది. స నొక్కితే పేరు నిండుతది. ఇంకేది నొక్కినా దీపం ఆరి, ఆటే ఆ పేరు పైకి చదువుతది. ఎట్లయినా నా బిడ్డ పేరు ఆ కిటికీ కాడ వినబడుతది. పిలిస్తే రావాలి కదా... అది మా పద్ధతి.

బిడ్డను కేకేసి, కిందికి రాకు అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. ఏ పేరు పెట్టి కేకేయను?

రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఆంటీ..." కిటికీ కాడ గుసగుస. "నా తర్వాత ఎవరు?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు. దిగుతోంది.

అవతల ఎవరో చదవడం మొదలుపెట్టారు. అచ్చం నాలాగే, కూడబలుక్కుంటూ.

"లో..."

చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"యి..."

సాంబారు గిన్నె ఎత్తి లాప్‌టాప్ మీద కుమ్మరించాను. తెర ఒక్కసారి తెల్లగా మెరిసి చచ్చిపోయింది. కిటికీ కాడ చప్పుడు ఆగింది.

"మమ్మీ!" లోయిస్ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏం చేసినవ్? రేపు డెమో! పిచ్చి లేసిందా నీకు?"

"నువ్వు ఇక్కడున్నవ్ కదా... ఇక్కడే ఉన్నవ్ కదా..." అని దాన్ని పట్టుకుని అదే మాట అన్నాను. అది నన్ను విదిలించుకుని ఏడ్చింది. చెప్పినా నమ్మలేదు. ఆ రాత్రంతా గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను.

తెల్లారింది. లోయిస్ ఆటను ఇంకోచోట సుత దాచిపెట్టుకుందట. దివ్యశ్రీ లాప్‌టాప్ తీసుకుని, నాతో మాట్లాడకుండానే పంజాగుట్ట పోయింది. పోతే పోయింది, ఎండలో నడిచి పోతుంటే చూశాను. అది చాలనిపించింది.

నేను ఉప్మా చేశాను. ఆ పొద్దున ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. ప్లేట్లు కిటికీలో పెడుతూ పోయాను, పిల్లలే వచ్చి తీసుకున్నారు. హాలు ఖాళీ అయింది. గిన్నెలు సర్దుతున్నాను.

"భూలక్ష్మీ," అని హాల్లోంచి ఎవరో పిలిచారు.

బాప్తిస్మం తీసుకున్నాక నేను లీలాకుమారిని. అంతకుముందు, చిన్నప్పటి పేరు అది. మా అమ్మ పోయినంక ఆ పేరు తెలిసిన మనిషి లేదు. లోయిస్‌కు సుత నేను చెప్పలేదు.

అది అంతా తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, "ఆఁ... వస్తున్న," అన్నాను.