రత్న కంచం

"హలో... విశాఖపట్నం నుంచా? సెప్పండి బాబూ."

రత్న రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వడలు తిప్పుతోంది. లంబసింగి రోడ్డు పక్క పాకలో టీ హోటలూ ఎస్‌టీడీ బూతూ కలిసే ఉన్నాయి. రెండూ ఆమే చూసుకుంటుంది. అది 2006 డిసెంబరు.

"ఆఁ, రేపు తెల్లారికి మంచు గడ్డ కడతాది... ఏటి? స్కీయింగా? అదేటి బాబూ?... కాళ్లకి సెక్కలు కట్టుకుని జారడమా? జారడానికి మా ఘాట్ రోడ్డుంది. సెక్కలక్కర్లేదు."

బల్ల మీద కూర్చున్న కుర్రాడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎందుకండీ జనానికి అబద్ధాలు చెబుతారు? ఈ ఉదయం మూడు డిగ్రీలు. నీళ్లు గడ్డ కట్టాలంటే సున్నాకి దిగాలి."

రత్న ఫోను పెట్టేసింది.

"తమరెవరు?"

"వరహాలరావు. వాతావరణం ఆఫీసు. చలికాలమంతా ఇక్కడే డ్యూటీ."

"మా తాత పేరూ అదే. ఆయనా అంతే. అడక్కుండానే సెప్పీవోడు."

పాక పక్కన కట్టెలు చీలుస్తున్న ఆమె తండ్రి సోమన్న నవ్వలేదు. పెళ్లాం పోయాక ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు.

రత్న పద్ధతి వేరు. పొద్దుగూకే వేళ పెరట్లో గడ్డి పరిచి, దాని మీద స్టీలు కంచంలో పలుచగా నీళ్లు పోసి పెట్టేది. కంచం అంచున తల్లి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. పైడమ్మ. మబ్బుంటే నీళ్లు కట్టవు. గాలి ఉన్నా కట్టవు. ఆకాశం కడిగినట్టుండి, పొయ్యి పొగ నిటారుగా లేస్తే కడతాయి. నమ్మకం కుదిరితేనే ఫోన్లో "కడతాది" అనేది. మూడు చలికాలాల్లో ఒక్కసారీ తప్పలేదు. నర్సీపట్నం జీపులు ఆమె మాట మీదే కొండెక్కేవి.

వరహాలరావు రోజూ పొద్దున్నే బడి ఆవరణలో ఉన్న తెల్ల చెక్కపెట్టె తెరిచేవాడు. అందులో థర్మామీటరు. అంకె రాసుకుని టీకి వచ్చేవాడు.

"ఎంతొచ్చింది సారూ?"

"మూడు."

"నా కంచంలో కట్టింది."

"మీ కంచం సంగతి సైన్సుకి తెలీదు."

"పోనీ, నా కంచానికీ సైన్సు తెలీదు."

పొగమంచులో ఆమె ముఖం సగమే కనిపించేది. మిగతా సగం కోసం అతను రెండో టీ అడిగేవాడు. అది ఆమె గమనించింది. గమనించనట్టు ఉండేది.

ఒక ఆదివారం పొద్దున రోడ్డు మీద ఒక్క జీపూ లేదు. ఫోను మోగలేదు. వరహాలరావు వడలు అడిగితే నిన్నటి పేపరులో చుట్టి ఇచ్చింది. తింటూ పేపరు చూశాడు. తన పేరే ఉంది. 'లంబసింగిలో మూడు డిగ్రీలే. నీళ్లు గడ్డ కట్టే అవకాశం లేదు. స్థానికుల మాటలు నమ్మవద్దు: వరహాలరావు.'

చేతిలో వడ కింద పెట్టేశాడు.

"ఆ స్థానికులెవరు సారూ?" రత్న గొంతు పెంచలేదు.

"విలేకరి ఫోన్ చేస్తే... మామూలుగా అన్నాను."

"ఈ కొండ మీద నాకున్నది నా మాటొక్కటే. దాన్ని మామూలుగా తీసీసినావు."

"సారీ."

"నాకెందుకు? జీపులోళ్లకి సెప్పు."

క్షమాపణ చెప్పడం సులువే. పేపర్లో పడ్డ మాట వెనక్కి రాదు. ఆ సంగతి అతనికి ఆ రోజే తెలిసింది. తెలియాల్సిందే.

"రేపు ఆరింటికి రా. బేగి లెగలేకపోతే మానీ," అంది.

వచ్చాడు. రత్న కంచంలో వేలు పెట్టి తట్టింది. టక్‌మంది. అద్దంలాంటి పలక ఊడదీసి అతని చేతిలో పెట్టింది. అతను బడికి పరుగెత్తి, ఊపిరి ఎగబీలుస్తూ తిరిగి వచ్చాడు.

"పెట్టెలో మూడే!"

"నీ పెట్టి ఎంతెత్తులో ఉంది?"

"నాలుగడుగులు."

"నా కంచమో?"

అతను గడ్డి వైపు చూశాడు. చలి కిందికి దిగుతుందనీ, నేల దగ్గరే ఎక్కువగా పేరుకుంటుందనీ పరీక్షల్లో రాసి పాసైనవాడే. మర్నాడు ఇంకో థర్మామీటరు తెచ్చి కంచం పక్కన పడుకోబెట్టాడు. మైనస్ ఒకటి.

పేపరువాళ్లు సవరణ వేశారు. ఎనిమిదో పేజీలో, అడుగున, రెండు వరసలు. ఎవరూ చదవలేదు.

విలేకరి మాత్రం రోజూ అంకె కోసం ఫోన్ చేసేవాడు. వరహాలరావు మొండికేశాడు.

"రెండూ వేస్తేనే అంకె ఇస్తాను. లేకపోతే లేదు."

ఆ వారం నుంచి జిల్లా పేజీలో రోజూ ఒక చిన్న గడి పడింది. 'లంబసింగి: మూడు డిగ్రీలు. రత్న కంచం: కట్టింది.' మబ్బు పట్టిన రోజు, 'రత్న కంచం: కట్టలేదు.'

సంక్రాంతి సెలవులు దాటేసరికి జీపులకు రోడ్డు మీద చోటు చాలలేదు. రత్న అతనికి వడలు ఆకులో పెట్టి ఇచ్చింది. పేపరులో చుట్టడం మానేసింది.

"క్షమించినట్టేనా?"

"వడలు తిను."

ఫిబ్రవరి చివర అతని డ్యూటీ అయిపోయింది. చెక్కపెట్టె జీపెక్కింది. ఏదో చెప్పాలని నిలబడ్డాడు. డ్రైవరు పిలిస్తే ఎక్కాడు. ఆమె గ్లాసులు కడుగుతూనే ఉంది. జీపు మలుపు తిరిగాక కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"లంబసింగేనా? రేపు గడ్డ కడుతుందా?"

గొంతు గుర్తుపట్టింది.

"మార్చిలో ఏటి కట్టడం? సైన్సు సదవలేదేటి?"

"కట్టకపోయినా రావచ్చా?"

రత్న రిసీవరును చెవికి గట్టిగా ఆనించుకుంది.

"రత్నా, జనవరిలోనే చెప్పాల్సింది. నువ్వంటే నాకిష్టం. ఇంట్లో కూడా చెప్పాను. మీ నాన్నని అడగాలి. ఆదివారం..."

"ఆదివారం వొత్తావని మా నాన్నకి సెప్పీసినాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"నేను ఇవాళేగా ఫోన్ చేశాను!"

"నమ్మకం కుదిరితేనే సెప్తాను. ఇప్పుడు రాకపోయావంటే నా మాట పోద్ది. రెండోసారి పోగొట్టకు."

ఆదివారం మొదటి బస్సుకే దిగాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. సోమన్న అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"మా రత్న గుంట మాట అబద్ధమని సెప్పి పేపర్లో ఏయించిన బాబువి నువ్వేనా?"

"నేనేనండి."

"తరవాత రోజూ రాయించింది?"

"నేనేనండి."

సోమన్న లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వరహాలరావు రత్న వైపు చూశాడు. ఆమె పొయ్యి వైపు చూసింది.

ముసలాయన కొత్త స్టీలు కంచంతో బయటికొచ్చాడు. అంచున చింతపల్లి సంతలో కొట్టించిన చుక్కల అక్షరాలు. వరహాలరావు.

"ఇది గడ్డి మీద పెట్టీది కాదు బాబూ," అన్నాడు సోమన్న. "కూకో. అన్నం తిను."