దూదికోటు మందం

మనవరాలు దెయ్యం కథ చెప్పమన్నప్పుడల్లా నేను వేరే కథలు చెబుతాను. ఇది మాత్రం చెప్పను. ఇందులో వాళ్ళమ్మ ఉంది.

వరసగా చెబుతాను, లేకపోతే అర్థం కాదు. ఎంబ్రాయిడరీ మెషిన్‌లో సూది చుట్టూ ఒక చిన్న ఇనుప పాదం ఉంటుంది. సూది దిగినప్పుడల్లా అది గుడ్డను అదిమి పడుతుంది. గుడ్డ మందాన్ని బట్టి దాని ఎత్తు మనమే పెట్టుకోవాలి. తాకీ తాకనట్టు ఉండాలి. మరీ కిందికుంటే గుడ్డను ఈడ్చేస్తుంది, సూది విరుగుతుంది. దూది పెట్టిన కోటుకైతే లావు సూది వెయ్యాలి, పైదారం కాస్త వదులు చెయ్యాలి, వేగం తగ్గించాలి. ఇంతే పాఠం.

ఈ పాఠం నాకు చెప్పింది మా అమ్మాయే. చిన్నప్పుడు నేను ఎక్కాలు వల్లె వేయించినందుకు కసి తీర్చుకుంటోందని దెప్పేదాన్ని. ఆ రోజుల్లో అది కోల్డ్ స్టోరేజీ పనివాళ్ళ కోట్ల మీద, ఛాతీ దగ్గర పేర్లు కుట్టే పని ఒప్పుకుంది. ముందుగదిలో మెషిన్, వెనకగదిలో మంచం, మధ్య తలుపు లేని గుమ్మం. ఎన్నో రోజులుగా దానికి కంటినిండా నిద్ర లేదు. పక్కన కూర్చుని దారాలు కత్తిరించీ కత్తిరించీ నాకూ నడుము పడిపోయింది.

ఆ మధ్యాహ్నం ముసురు. పగలే లైటు వేసుకున్నాం. ఆఖరి కోటును ఫ్రేములో బిగిస్తూ మా అమ్మాయి ముందుకు తూలింది.

“లేవవే. సూది కింద వేలు పెట్టేదాకా ఊరుకోవా?”

“ఇదొక్కటేనమ్మా.”

“ఆ ఒక్కటీ నేను కుడతాలే.”

“నువ్వా? పాదం ఎత్తూ...”

“తాకీ తాకనట్టు. పంతులమ్మకే పాఠమా?”

“నువ్వు రిటైరయ్యావు గానీ నీ నోరు కాలేదు,” అంటూ లేచింది. గుమ్మంలో ఆగింది. “అది కొత్తది కాదమ్మా. పాత పేరు విప్పేసి పంపారు. వేరే మనిషికిస్తారట.”

“మరి పాత మనిషి?”

“ఏమో. మానేశాడేమో.”

దుప్పటి కప్పుకుందో లేదో గుర్రు వినిపించింది. నిద్ర సుఖమెరగదని ఊరికే అన్నారా.

కోటు మీద పాత సూది బెజ్జాలు ఇంకా పూడలేదు. సబ్బు వాసన కింద ఇంకేదో వాసన... ఫ్రిజ్‌లో మరిచిపోయిన తడిగుడ్డ వాసన. పాదం ఎత్తు చూసుకుని మెషిన్ నడిపాను. టక్... టక్... టక్. వర్షం చప్పుడులో అది జోలపాటలా ఉంది. నా కళ్ళూ వాలిపోతున్నాయి.

రెండు అక్షరాలు పడ్డాక చప్పుడు మారింది. మెత్తగా, దేన్నో గుద్దుతున్నట్టు.

చూస్తే పాదం గుడ్డలో కూరుకుపోయి ఉంది. ఎత్తు సరిగా పెట్టలేదనుకున్నాను. ఆపి, కాస్త లేపి, మళ్ళీ నడిపాను. ఇంకో అక్షరం పడేసరికి మళ్ళీ కూరుకుపోయింది. మళ్ళీ లేపాను. ఇక పైకి జరగనంత దాకా లేపాను.

అయినా కోటు ఉబ్బి దాన్ని అందుకుంది.

లోపలి గుడ్డ ముడతపడి ఉంటుందని, మెషిన్ ఆపి మెడ దగ్గర నుంచి చెయ్యి దూర్చాను. ముడత లేదు. వెచ్చగా ఉంది. అరచేతి కింద గుడ్డ మెల్లగా పొంగింది... తగ్గింది. మళ్ళీ పొంగింది.

వెనకగదిలో గుర్రు వినిపించడం లేదు.

ఈ వయసులో భయం కన్నా ముందు అలసట వస్తుంది. భయపడడానికైనా ఓపిక ఉండాలి కదా. గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచాను.

దిండు మీద మా అమ్మాయి మొహం ఉంది. మెడ కింద నుంచి దుప్పటి, ఎవరూ పడుకోని పక్క మీద పరిచినట్టు, చదునుగా ఉంది.

“తల్లీ...” అన్నాను.

దాని పెదవులు కదిలాయి. మాట మాత్రం నా వెనక నుంచి, మెషిన్ దగ్గర నుంచి వచ్చింది.

“అమ్మా... చలి...”

మెషిన్ దగ్గరికి ఎలా వచ్చి పడ్డానో, కోటును ఫ్రేములోంచి లాగబోయాను. వెనకగదిలో మా అమ్మాయి గిలగిల్లాడినట్టు మంచం కిర్రుమంది. వదిలేశాను. కుట్టిన దారాన్ని లాగకూడదు. కుట్టు విప్పాలంటే గుడ్డ తిరగేసి, అడుగున ఉన్న దారం కొయ్యాలి. అదీ మా అమ్మాయే నేర్పింది.

ఫ్రేము తిరగేశాను. చిన్న కత్తెర అందుకున్నాను. ఒక కుట్టు... ఇంకొకటి... ఒక అక్షరం ఊడింది. కోటు కాస్త దిగింది. వెనకగదిలో ఊపిరి వినిపించింది. ఇంకో అక్షరం. తల తిప్పి చూస్తే దుప్పటి కింద మోకాళ్ళు లేచాయి. నా కళ్ళలో నీళ్ళు. ఏదీ ఆనడం లేదు. తెల్లగా కనిపించిన ప్రతి దారాన్నీ కోసుకుంటూ పోయాను. కోటు చదునయ్యేదాకా కోశాను. గుర్రు మళ్ళీ వినిపించేదాకా కోశాను.

అప్పుడు కత్తెర కింద పెట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, అలాగే కూర్చుండిపోయాను.

వాన తెరిపిచ్చాక కోటు చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. మరీ తేలిగ్గా ఉంది. దూది కదలకుండా కోటుకు మొదటి నుంచీ ఉన్న కుట్లు, అవీ తెల్లదారమే, వాటిని కూడా కోసేశాను. నేను వెయ్యని కుట్లు. రెండు పొరల మధ్య వేళ్ళు పెట్టి వెతికాను. దూది లేదు. బల్ల మీద లేదు, నేల మీద లేదు, నా చీర మీద ఒక్క పోగైనా లేదు.

“అమ్మా.”

గుమ్మంలో నిలబడి ఒళ్ళు విరుచుకుంటోంది. మొహం తేటపడింది. ఎన్నాళ్ళయిందో దాన్నలా చూసి.

“ఎంత బాగా పట్టిందో నిద్ర. ఫ్యాన్ వెయ్యవూ? ఉక్కపోస్తోంది.”

బయట చలిగాలి కొడుతోంది. దగ్గరికెళ్ళి భుజాల చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను. నా వేళ్ళు లోపలికి దిగాయి. ఎముక తగలలేదు.

“ఏంటమ్మా, అలా చూస్తావు?”

చెయ్యి తీశాను. దాని భుజం మీద నా వేళ్ళ గుంటలున్నాయి. ఒక్కొక్కటిగా... నెమ్మదిగా... పైకి లేచాయి.