ఊరగాయ రాళ్ల కింద మంచు కొండ

రండర్రా, రండి! స్నానాలు అయ్యాయా? జుట్లు తుడుచుకున్నారా? పాల సీసా కొనుక్కున్నవాళ్లు ఈ బల్ల మీద, కొనుక్కోనివాళ్లు వాళ్ల పక్కన. ఆ గుటకల చప్పుడు ఆపండి కాసేపు. ఓయ్, వెనకాల ఆ ఎర్ర తువ్వాలు పిల్లోడా, నువ్వు నోరు మూస్తే నేను తెరుస్తా.

ఇది మన వీధిలోనే జరిగింది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ వేన్నీళ్ల స్నానాల కొట్టు పొగగొట్టం నా నెత్తిన పడాలి. పైకి చూడకండి. గట్టిగానే ఉంది.

ఆ రోజు పొద్దున వాన ఆగిపోయింది. అప్పటిదాకా నెల రోజుల ముసురు. అలాంటిలాంటి ముసురు కాదు, గుమ్మంలో విడిచిన చెప్పుల్లో చేపపిల్లలు ఈదేవి. ఆగిందా, ఇక ఎండ! అన్నాళ్లూ దాచుకున్న ఎండంతా సూర్యుడు ఒకేసారి పారబోశాడు. కాకులు నీడ కోసం ఒకదాని కింద ఒకటి దూరాయి.

వీధి వీధంతా పరుపులు బయటికి తెచ్చి వెదురు కర్రల మీద ఎండేసింది. బెత్తాలు తీసుకుని ధబీ ధబీ బాదడమే. ఆ దుమ్ముకి సముద్రంలో తిమింగలం తుమ్మింది.

చిగుసా కూడా బాదుతోంది. పదేళ్ల పిల్ల. పట్టు పట్టిందంటే వదలదు. ఇంట్లో ముగ్గురే, తనూ, నాన్నా, నానమ్మా. నాన్న రేవులో లాంచీ నడుపుతాడు. నానమ్మేమో వానల్లో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉంది. ఆదివారం ఇంటికొస్తోంది.

ఫోన్ చేసినప్పుడల్లా నానమ్మది ఒకటే మాట.

"ఇంటికొచ్చి నా మంచు కింద కూచుని పుచ్చకాయ తింటానే చిగూ. అప్పుడుగానీ ఈ కాలు నా మాట వినదు."

నానమ్మ మంచంటే ఓ బొమ్మ. చెక్క అచ్చుతో కాగితం మీద తీసిన బొమ్మ. ఓ కొండ, కొండ కింద సరస్సు, సరస్సులో పడవ, పడవలో గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి. కొండంతా మంచే. ఆ మంచుకి రంగు వెయ్యలేదు, ఉత్త కాగితం తెలుపే మంచు. ఎప్పటిదో పాత బొమ్మకి ఇది నకలు. నకలంటే జిరాక్స్ అనుకునేరు! మళ్లీ చెర్రీ చెక్కలు చెక్కి, రంగుకో చెక్క పెట్టి, కాగితం పరిచి రుద్ది రుద్ది తీశారు. తన పుట్టింటి వెనక కొండ అచ్చం ఇలాగే ఉండేదని పెళ్లయిన కొత్తలో కొనుక్కుంది నానమ్మ.

ఏటా ఎండలు ముదరగానే దాన్ని పెట్టెలోంచి తీసి, అద్దం ఫ్రేములో పెట్టి, ముందు గదిలో గోడకున్న మనిషెత్తు గూట్లో వేలాడదీస్తుంది. చూస్తే చల్లగా ఉంటుందని. ఎండలు తగ్గగానే మళ్లీ పెట్టెలోకి.

"ఈసారి నేను పెడతా. నానమ్మ గుమ్మంలో కాలు పెట్టేసరికి మంచు రెడీగా ఉండాలి," అనుకుంది చిగుసా.

పెట్టె తెరిచింది. గుప్పున ముసురు వాసన. కాగితం చెమ్మగా, మెత్తగా ఉంది.

"నీక్కూడా పరుపు రోగమే పట్టిందన్నమాట," అంది బొమ్మతో.

పరుపు రోగానికి మందేంటి? ఎండ! నానమ్మకి ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అడగలేదు. బొమ్మని తీసుకెళ్లి పరుపుల పక్కనే బట్టల క్లిప్పులతో వేలాడేసింది. బెత్తం కూడా ఎత్తింది. కానీ పడవలో మనిషిని చూసి జాలేసి దించేసింది.

లోపలికెళ్లి గూడు తుడిచింది, ఫ్రేము అద్దం తుడిచింది, చాపలు తుడిచింది. తుడుస్తుండగా పక్కింట్లోంచి తొరకిచి తాత కేకేశాడు.

ఈ తాతకి కళ్లజోడుంది. అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. పెట్టుకుంటే ముసలాడిలా కనిపిస్తాడట. ఆయనకప్పుడు ఎనభై రెండు.

"చిగూ! నీ ఎండుచేప భలే ఎండిందే! తిరగెయ్, రెండో వైపు కూడా ఎండనీ!"

"మేం చేపలు ఎండెయ్యలేదు తాతా!"

"మరి నీ పరుపుల పక్కన మెలి తిరిగిపోయి వేలాడుతున్నదేంటి, నా తలకాయా?"

చిగుసా పరిగెత్తింది.

బొమ్మ చుట్ట చుట్టుకుపోయింది. కొండ లోపలికి, సరస్సు బయటికి. పడవ మనిషి ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయాడు. పైన క్లిప్పులు కరిచిన చోట రెండు పళ్ల గాట్లు. విప్పబోతే కాగితం కరకరమంది. చిగుసా చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి.

సాయంత్రం నాన్న వచ్చాడు. చుట్టని అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఓస్, ఇంతేనా! ఇస్త్రీ పెట్టేద్దాం. నాలుగు వైపులా టేపేసి అట్టకి అంటించేద్దాం. మీ నానమ్మకి తెలియను కూడా తెలియదు."

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టేశాడు కూడా. అది వేడెక్కుతోంది. చిగుసా బొమ్మని చూసింది, ఇస్త్రీపెట్టెని చూసింది.

"పొద్దున కూడా నేనిలాగే తొందరపడ్డాను నాన్నా," అంది. ప్లగ్గు పీకేసింది. "నానమ్మనే అడుగుతా."

"తిడుతుందే!"

"తిట్టనీ."

"నేను లేనప్పుడు చెయ్యకూడదా ఆ ఫోన్?" అంటూ నాన్న పెరట్లోకి జారుకున్నాడు.

చిగుసా ఫోన్ చేసింది. పెట్టె, ఎండ, క్లిప్పులు, ఎండుచేప, అన్నీ చెప్పేసింది. బెత్తం ఎత్తిన సంగతి కూడా.

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"నానమ్మా, ఉన్నావా?"

"ఉన్నా. నా పక్క మంచం ఆవిడ నవ్వుతోంది, ఆవిణ్ణి ఊరుకోమంటున్నా." నానమ్మ గొంతు మాత్రం నవ్వడం లేదు. "టేపేశారా?"

"లేదు."

"ఇస్త్రీ?"

"ప్లగ్గు పీకేశా."

"అమ్మయ్య! టేపు జోలికి మాత్రం పోకు. మనలాగే కాగితానికీ ఊపిరాడాలే. వాన వస్తే సాగుతుంది, ఎండ వస్తే ముడుచుకుంటుంది. నాలుగు వైపులా కట్టేస్తే ఏం చేస్తుంది పాపం? అందుకే పైన మాత్రం రెండు కాగితం ముక్కలతో అట్టకి పట్టిస్తాను నేను. చెమ్మగా ఉంటే నీడలో గాలికి పెట్టాలి, అంతే. ఎండలో కాదు."

"ఇప్పుడేం చెయ్యను?"

"బాగా ఎండబెట్టావుగా, ఇక కాస్త చెమ్మ తగలనీ. నీళ్లు చల్లకు! ఆవిరాడే చోట పెట్టు చాలు. అదే మెత్తబడి విప్పుకుంటుంది. అప్పుడు రెండు తెల్ల కాగితాల మధ్య పరిచి, పైన చెక్క, చెక్క మీద బరువు. చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే ముట్టుకో. రెండు చేతులతో పట్టుకో. నేను తియ్యమన్నదాకా తియ్యకు."

"ఆదివారానికి అయిపోతుందా?"

"నేను వచ్చేస్తాను. అది రాదు."

చిగుసాకి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుంది. చేతులు కడుక్కుంది. బొమ్మని పళ్లెంలో పెట్టుకుని వీధి దాటి, ఇదిగో, ఈ స్నానాల కొట్టుకే వచ్చింది. ఈ ఊళ్లో ఆవిరంటే ఇక్కడే కదా.

గల్లా దగ్గర మసుయే అత్త కూచుని ఉంది.

"బొమ్మకి స్నానమా?" అంది అత్త.

"స్నానం కాదత్తా, గాలి చాలు. బట్టలు మార్చుకునే గదిలో ఓ మూల పెట్టుకుంటా."

"ఏముందే ఆ చుట్టలో?"

"కొండ, సరస్సు, పడవ, పడవలో ఒకాయన."

"ఆయనా? అయితే మగవాళ్ల వైపు పొమ్మను."

"అటు నేను వెళ్లకూడదుగా! కాపలా ఎవరుంటారు? ఆయన నా వేలంత కూడా లేడత్తా!"

"వేలంతవాడికైనా కళ్లు కళ్లే. ఆడవాళ్ల వైపు మగాణ్ణి రానిచ్చానంటే రేపట్నుంచి నా కొట్టుకి ఎవరొస్తారు?"

"టోపీ కళ్ల మీదకి దించుకున్నాడు!"

"అలా దించుకున్నవాళ్లనే నమ్మకూడదు."

చిగుసా కదల్లేదు. వెనకాల జనం ఆగిపోయారు. వరస రేవు దాకా వెళ్లింది, ఆఖరి ఆయన లాంచీలో నిలబడాల్సి వచ్చింది. చివరికి అత్త దిగొచ్చింది. బట్టలు పెట్టుకునే వెదురు బుట్ట ఒకటి బోర్లించి బొమ్మ మీద కప్పమంది. ఆవిరి లోపలికి వెళుతుంది, పడవ మనిషి చూపు బయటికి రాదు.

బుట్ట పక్కన చిగుసా కూచుంది. వచ్చిన ప్రతి ఆవిడా బుట్టకి దణ్ణం పెట్టి, వీపు తిప్పుకుని బట్టలు మార్చుకుంది.

కాసేపటికి బుట్టలో కరకర ఆగిపోయింది. ఇంకాసేపటికి చుట్ట నెమ్మదిగా ఒళ్లు విరుచుకుంది. ముందు కొండ, తర్వాత సరస్సు, ఆ తర్వాత పడవ. గాట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇంటికి తెచ్చి, తెల్ల కాగితాల మధ్య పరిచి, పైన చెక్క పెట్టింది. మరి బరువో? వంటింట్లో ముల్లంగి ఊరగాయ నొక్కే రాళ్లున్నాయి. వాటిని కడిగి, తుడిచి, గుడ్డల్లో చుట్టి, చెక్క మీద వరసగా పేర్చింది. రాళ్లు లేక ఆ వారం ముల్లంగి ముక్కలు జాడీలోంచి లేచి పెరట్లో షికారు చేశాయి.

ఆదివారం వచ్చింది. నాన్న లాంచీలో వెళ్లి నానమ్మని తీసుకురావాలి, కానీ చెక్క చుట్టూ తిరుగుతున్నాడు.

"ఒక్క మూల ఎత్తి చూద్దామే. బాగుంటే పెట్టేద్దాం. మా అమ్మ ఎంత సంతోషిస్తుంది!"

చిగుసాకీ అదే ఆశ. ఓ రాయి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. గూడు వైపు చూసింది. ఖాళీ.

చెయ్యి తీసేసింది.

"నానమ్మ తియ్యమనలేదు," అంది.

"నేను చూస్తాలే. నీకెందుకు?"

"చేతులు కడుక్కున్నావా?"

"ఆఁ, కడుక్కున్నా!"

"కడుక్కున్నా తియ్యకూడదు. పో, లాంచీకి టైమైంది."

నాన్న వెళ్లాక ఫ్రేముని మళ్లీ తుడిచింది. వెనక తెల్ల అట్ట, ముందు అద్దం, మధ్యలో ఏమీ లేదు. దాన్నే తీసుకెళ్లి గూట్లో వేలాడదీసింది. బొమ్మ వచ్చేదాకా దాని చోట్లో ఇంకోటి రాకూడదు మరి.

నానమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగి ఖాళీ ఫ్రేముని చూసింది. మూలనున్న చెక్కని చూసింది. రాళ్లని చూసింది.

"ఎవరూ ఎత్తలేదా?"

"ఎత్తబోయా నానమ్మా. ఎత్తలేదు."

"రాళ్లు ఎవరు పేర్చారు?"

"నేనే."

నానమ్మ చేతికర్రతో ఓ రాయిని తట్టి చూసింది. కదల్లేదు.

"పుచ్చకాయ కొయ్యి," అంది. వెళ్లి ఖాళీ ఫ్రేము కిందే కూచుంది. పక్కన చాప మీద చేత్తో తట్టింది. "ఇటు రా. నీడలో ఆరబెట్టడం వచ్చే ఏడు ఇద్దరం కలిసి చేద్దాం."

చిగుసా చేతులు తుడుచుకుని పక్కన కూచుంది.

అప్పుడే నానమ్మని పలకరించడానికి తొరకిచి తాత వచ్చాడు. కళ్లజోడు జేబులోనే ఉంది. గూడు ముందు నిలబడి, వంగి దణ్ణం పెట్టి, తెల్లటి ఫ్రేము వైపు చాలాసేపు చూశాడు. చొక్కా మెడ పైకి లాక్కున్నాడు. గట్టిగా తుమ్మాడు.

"అబ్బో, ఈ ఏడు ఎంత మంచు పడిందమ్మా! కొండ లేదు, సరస్సు లేదు. పలుగూ పారా పట్రండర్రా, ముందు ఆ పడవాయన్ని తవ్వి తీద్దాం!"