పరిగె కాయలు

శనివారం ఒంటిపూట బడి వదలగానే లహరి తమ శెనక్కాయ చేని మీదుగా ఇంటికి బయలుదేరింది. సగం చేను పీకేశారు, సగం ఇంకా అలాగే ఉంది. పీకిన వైపు ముసలి బయమ్మ వంగి తొలికతో మట్టి తవ్వుతోంది. పక్కనున్న చిన్న సంచిలో మట్టి అంటిన కాయలు ఉన్నాయి.

లహరి ఐదో క్లాసు. వాదనలో ఆ పిల్లను గెలిచినవాళ్ళు బళ్ళో లేరు. 'ఎందుకంటే' అనకుండా అన్నమైనా అడగదు.

"అవ్వా, ఈ చేను మాది. ఎందుకంటే మా నాయన విత్తినాడు. చేను మాదైతే కాయలూ మావే. అడక్కుండా తీసుకుంటే దొంగతనం" అంది.

బయమ్మ సంచి పిల్ల చేతిలో పెట్టి, తొలికకు అంటిన మట్టి దులుపుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే లహరి తన వాదనంతా నాయన తిప్పన్నకు అప్పజెప్పింది. మెచ్చుకుంటాడని చూసింది. తిప్పన్న సంచి వైపే చూస్తూ కూర్చున్నాడు. పంట పీకినాక మట్టిలో మిగిలినదాన్ని పరిగె అంటారనీ, లేనివాళ్ళు దాన్ని ఏరుకోవడం తాతలనాటి నుంచీ ఉన్నదేననీ చెప్పాడు. వానలు మొహం చాటేసిన ఏడాది తానూ పక్క చేలో పరిగె ఏరుకున్నాడట.

"అయితే నేను చెప్పిన దాంట్లో తప్పేముండాది నాయనా?"

"లెక్కలో తప్పు లేదులేమ్మా. సంచి ఇచ్చేటప్పుడు అవ్వ మొగం ఎట్లుండె?"

లహరి గుర్తు తెచ్చుకోబోయింది. తాను సంచినే చూసింది, మొహం చూడనే లేదు. మనసు చివుక్కుమంది.

ఇంతలో అమ్మ, ఆ కాయలు ఒలిచి సంగటిలోకి ఊరుబిండి నూరదామని సంచి అందుకోబోయింది. లహరి దాన్ని లాక్కుని పరుగు తీసింది.

బయమ్మ గుడిసె ముందు పొయ్యి రాజేస్తోంది. దారంతా కూడబెట్టుకున్న మాటల్లో లహరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు. సంచి ఆమె ఒళ్ళో పెట్టి ఏడ్చేసింది.

"ఏడవాకు తల్లీ. మట్టి చేతులతో కండ్లు నులుముకోవాకు" అంటూ బయమ్మ కొంగుతో తుడిచింది. లహరి ఈసారి ఆ మొహాన్ని బాగా చూసింది.

మర్నాడు మిగతా సగం చేను పీకారు. రాలిన కాయలు ఏరే పని లహరిది. ఏరుతూ ఏరుతూ గట్టు పక్కనున్న సాలు దాకా వచ్చి, లేచి చేతులు దులుపుకుంది.

"ఈడ ఇంకా ఉండాయి కదమ్మా" అన్నాడు తిప్పన్న.

"ఉండనీ నాయనా. అవి మనవి కావు."