కుంకుడు నురగలో వెండి

ఒరే వెంకటరత్నం, ఇలా రా. ఆ తక్కెడ వదిలెయ్, నీ కొట్టు ఎవడూ ఎత్తుకుపోడు. గూఢచారంటే ఏడడుగులుంటాడు, నల్ల కోటేసుకుంటాడు అనుకుంటావు కదూ? ఏజెంట్ ఏలీయా నీ అరుగు మీదే కూచుని నీ బీడీ అడిగి మరీ కాల్చాడ్రా. కనిపెట్టావా? నీకు తూకంలో ముల్లే కనపడదాయె.

యాభై ఎనిమిదో సంవత్సరం. బెజవాడలో తలుపులేసిన గది. చీఫ్ బల్ల మీద ఓ రాయి పెట్టాడు.

"జగ్గయ్యపేట అవతలి గుట్టది. సీసం, జింకు, వెండి అన్నీ కలిసిపోయున్నాయి. విడదియ్యడం కుదరదు, రోడ్డుకి కంకరేసుకోండని గుట్ట లీజు తీసుకున్న బార్టన్ దొర చెప్పాడు. ఆ కంకరే ఓడలకెత్తుతున్నాడు."

"వాళ్ల దేశంలో మాత్రం విడిపోద్దా సార్?"

"కడ్డీలు కడ్డీలుగా."

ఏలీయా ఆ రాయి చేతిలోకి తీసుకున్నాడు. ఆ గుట్ట మీద రాళ్లు కొట్టీ కొట్టీ వాళ్లన్న దగ్గుతో పోయాడు. వెండి తవ్వినవాడికి కంకర కూలిచ్చారు.

"మన సైంటిస్టు జీవరత్నంగారు విడదీశారు. రాయి పిండి చేసి, నీళ్లలో చిలికితే, నురగ బుడగలు ముందు సీసాన్నీ వెండినీ అంటించుకుని పైకి తేలతయ్. జింకూ మట్టీ అడుగునుంటయ్. నురగ మందుని బార్టన్ ముఠా రేవులోనే ఆపించింది. ఆయన కుంకుడు రసం వాడుతున్నారు. నందిగామ షెడ్డులో ఢిల్లీ కమిటీ ముందు డెమాన్‌స్ట్రేషన్. ఫెయిలైతే గుట్ట లీజు మళ్లీ బార్టన్‌కే."

"అక్కడ మన మనిషెవరు?"

"మిస్ బేబి. బార్టన్ సెక్రటరీ. లిప్‌స్టిక్ వాడిది, జీతం మనది."

దొర మనుషులకి అనుమానం రాకుండా ఏలీయా పెళ్లివారి వేషం కట్టాడు. నందిగామ షెడ్డులో పెళ్లండి, చుట్టాలందరికీ తలంట్లు, మీరూ రావాలి అని చెప్పి పేటలో ఓ కొట్లో బస్తా కుంకుడుకాయలు కొన్నాడు. రెండు గంగాళాల రసం తీయించాడు.

"ఒకటి చాలునయ్యా," అన్నారు జీవరత్నంగారు.

"రెండోది ఉండనీండి. మా అమ్మ అలవాటు."

కమిటీ వచ్చింది. రాయి పిండీ, ఒక గంగాళం రసం పోసిన తొట్టిలో మోటారు తిరిగింది. బార్టన్ తొట్టి మీదకి వంగి, పెన్ను విదిలించి, ఏదో రాసుకున్నట్టు నటించాడు. బుస్సున లేస్తున్న నురగ చప్పున చచ్చింది.

బార్టన్ నవ్వాడు. బేబి తెలుగులో చెప్పింది.

"ఈ తొట్టి మీరు బట్టలుతుక్కోడానికి బావుంటుందంటున్నారు దొరగారు."

జీవరత్నంగారు తొట్టిలోకి వంగి చూస్తున్నారు. కమిటీ పెద్ద వరప్రసాదరావు లీజు కాగితం ముందుకు లాక్కున్నాడు. బేబి జడ ముందుకేసుకుంది.

"అబ్బ, ఉక్క. తలంటు పోసుకోవాలి."

అది కోడ్. నూనె పడింది అని అర్థం.

ఏలీయాకి వెలిగింది. నూనె తలకి మొదటి రుద్దుకి ఎప్పుడన్నా నురగొచ్చిందా? రెండో గంగాళం ఎత్తి తొట్టిలో దభాల్న కుమ్మరించాడు.

వరప్రసాదరావు పెన్ను కాగితాన్ని తాకబోతోంది. తొట్టి పొంగింది. బూడిద రంగు నురగ, తళతళా మెరుస్తా, అంచు దాటి ఆయన బూట్ల మీద పడింది. ఆయన వంగి వేలితో తీసి చూశాడు. కాగితం నాలుగు ముక్కలు చేశాడు.

ఏలీయా బార్టన్ జేబులో పెన్ను లాగి మూత తిప్పాడు. ఇంకు లేదు. నూనె. ఆ మిగిలిందంతా దొర బట్టతల మీద పోశాడు.

"మా అన్న నెత్తిన రాళ్లు మోయించావు. నీ నెత్తికి ఈ మాత్రం పడాల్సిందే," అని కుంకుడు పిప్పితో రుద్దాడు. కళ్లల్లో పడి దొర గోలపెడతంటే రెండోసారి కూడా రుద్దాడు.

పోలీసులు జీపెక్కిస్తుంటే బార్టన్ పళ్లు కొరుకుతా ఇంగ్లీషులో ఏదో అరిచాడు. బేబి ఏలీయాతో అంది.

"మీ పెళ్లి వేషం మొదటిరోజే పట్టేశాట్ట. రెండో గంగాళమే అంతుపట్టలేదట. అసలీ పెళ్లిని ఏ వెధవ నమ్మాడని అడుగుతున్నాడు."

ఏలీయా వాకిలి వైపు చూశాడు. జరీ పంచె కట్టి, చంకలో ఇత్తడి బిందె పెట్టుకుని, విస్తళ్లు ఎక్కడ వేశారండీ అని పోలీసుల్నడుగుతున్నాడొకడు.

ఆ బిందె ఇంకా ఉందిరా, వెంకటరత్నం?