ఎడమచేతి దొర

"పడవ దిగి వచ్చే దొర ఎవరమ్మా... టోపీ తీయని దొర ఎవరమ్మా..."

తర్వాతి చరణం గుర్తు లేదు. ఇంగ్లండులో, కార్న్‌వాల్ తీరాన ఒక రేవులో ఆడపిల్లలంతా అది పాడుకుంటూ, చేపల వలలు దాచే పాత మేడ ముందుకి రాగానే నోరు మూసుకుని పరిగెత్తేవాళ్ళు.

ఆ మేడకి మంచి పేరు లేదు మరి. అక్కడ బొమ్మలు వేసిన జెనోబియా పాస్కో పోయాక, రాత్రిపూట కిటికీలో ఒక దొర కనబడేవాడట. నల్లకోటు, టోపీ... అచ్చం ఆవిడ వేసిన పటంలో దొరలాగే.

ఆ పటంలో దొర కుంచె ఎడమచేత్తో పట్టుకుని ఉంటాడు. ఎవరో తేల్చడానికి లండన్ పండితులు ఎడమచేతి వాటం మగవాళ్ళందరినీ గాలించారు. దొరకలేదు. ఇక పటం కింద అతికించడానికి "ఎవరో పెద్దమనిషి" అని చీటీ అచ్చు వేయించేశారు. తెల్లారితే పటం చిత్రశాల గోడకెక్కాలి.

మేడ మీంచి పటం తెమ్మంటే బండివాడు, చీకటి పడ్డాక ఆ గడప తొక్కనన్నాడు. చిత్రశాలలో పనిచేసే టామ్సిన్ ఒక్కతే మేడెక్కింది.

మెట్లు కిర్రుమన్నాయి... తలుపు తోసింది. టార్చి వెలుగులో పటం. పటంలో దొర. పక్కన కుర్చీలో —

మళ్ళీ అదే దొర.

టామ్సిన్ టార్చి అటు తిప్పింది. టోపీ మెల్లగా పైకి లేచింది... కింద ముగ్గుబుట్టలాంటి తల.

"తలుపెయ్యి పిల్లా, చలి."

జెనోబియాతో ఒకే కప్పు కింద బతికిన లవ్‌డే రోజ్‌వార్న్. "దూరపు చుట్టమేలే" అని ఊరంతా సరిపెట్టుకున్న మనిషి.

"మీరా లవ్‌డే గారూ... ఈ వేషమేంటి?"

"మా జెనోబియా కోటే. వేసుకుంటే కాస్త కునుకు పడుతుంది."

"ఊళ్ళో దెయ్యమంటున్నారు."

"అననీ. ఇద్దరాడవాళ్ళం ఆలుమగల్లా ఉన్నామంటే రాళ్ళేసేవాళ్ళు. దెయ్యమంటే మర్యాదగా తప్పుకుపోతున్నారు."

టామ్సిన్ పటాన్నీ కోటునీ మార్చి మార్చి చూసింది. "అయితే ఈ దొర..."

"దొరేంటి, నా మొహం. ఈ కోటేసుకుని, అద్దంలో చూసి తన బొమ్మ తనే వేసుకుంది. అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనబడుతుంది కదా? లండన్ పండితుల ఇళ్ళలో అద్దాలుండవు కాబోలు."

టామ్సిన్ జేబులోంచి ఆ అచ్చు చీటీ తీసి, వెనక్కి తిప్పి, పెన్సిలుతో జెనోబియా పేరు రాసింది. ఆగి, గుసగుసగా అడిగింది.

"మీ పేరు కూడా రాయనా? రేపు ఊరంతా చదువుతుంది..."

ముసలమ్మ కోటు లోపలి తెల్ల చొక్కా కాలరు సర్దుకుంది.

"రాయి. స్నేహితురాలని మాత్రం రాయకు. స్నేహితురాలి కాలర్లకి బతుకంతా ఎవరు గంజి పెడతారు?"